నాగూరమ్మ పట్టుకున్న పలక

నేను ఒక పలకను. ప్లాస్టిక్ పలకను కాదు, నల్లరంగు పూసిన అట్టను అసలే కాదు. మార్కాపురం గనిలో పుట్టిన సిసలైన రాతి పలకను. ఈ మాట కొంచెం గొప్పగానే చెప్పుకుంటున్నాను, ఏమీ అనుకోకండి. గొప్పలకు పోవడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

భూమిలోపల పొరలు పొరలుగా ఉండేవాళ్ళం. ఉలి పెట్టి తడితే అప్పడాల్లా విడిపోయాం. కోత కోశారు, నీళ్ళు పోసి రుద్దారు, చుట్టూ చెక్క చట్రం బిగించారు. చట్రం బిగించినామె పని చేస్తున్నంతసేపూ పక్కామెతో తన తోడికోడలి మీద చాడీలు చెబుతూనే ఉంది. మనుషుల భాష నేను మొదట నేర్చుకున్నది అక్కడే.

నా తోటివాళ్ళు బడులకు పోయారు. నేనూ అ, ఆ లు దిద్దించుకుందామనే ఆశపడ్డాను. కానీ నన్ను కొన్నది కాశింపీరా. ప్రభుత్వం పేదలకు కట్టించే ఇళ్ళ దగ్గర వర్క్ ఇన్‌స్పెక్టరు. అంటే, పునాది ఎంత లేచింది, గోడ ఎంత లేచింది అని చూసి, ఫోనులో ఫొటో తీసి పైకి పంపే ఉద్యోగం. అంతకుముందు కాగితం మీద రాసి పట్టిస్తే గాలికి ఎగిరిపోయేదట. అందుకని నన్ను కొని, మోటారు సైకిలు సంచిలో పెట్టుకున్నాడు.

ఫొటోలో కట్టడం కనిపించాలి. దాని ముందు ఇంటి పట్టా ఎవరి పేరున ఉందో ఆ మనిషే నిలబడాలి. ఆ మనిషి నన్ను ఛాతీకి ఆనించి పట్టుకోవాలి. నా మీద పేరు, నంబరు, పని ఎందాకా వచ్చిందో ఉండాలి. దొంగలను పట్టుకున్నప్పుడు కూడా ఇట్లాగే పలక పట్టించి ఫొటో తీస్తారని విన్నాను. ఇల్లు అడిగినవాడికీ ఇల్లు దోచినవాడికీ సర్కారు ఒకటే మర్యాద చేస్తుందన్నమాట. పైగా పీరా రాత నాకు ప్రాణసంకటం. 'లబ్ధిదారు' అని రాయమంటే 'లబ్దిదారు' అని రాస్తాడు. దకు వత్తు పెడితే వాడి సుద్దముక్క ఏం అరిగిపోతుందని? రాతి పలకను గనక ఊరుకున్నాను.

పట్టాలన్నీ ఆడవాళ్ళ పేరునే ఉండేవి. ఒకాయన పెళ్ళాం పుట్టింటికి పోతే, ఆమె చీర నెత్తిన కప్పుకుని తనే నన్ను పట్టుకుని నిలబడ్డాడు. పీరా కూడా తొందరలో ఉండి ఫొటో తీసేశాడు. నాలుగు రోజులకు పైనుంచి తిరుగు జవాబు వచ్చింది: 'లబ్ధిదారుకు మీసము కలదు. తిరస్కరించడమైనది.' ఆ ఇళ్ళ స్థలాల లేఅవుట్ అంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంది. ఆ నవ్వుతోపాటు అందరికీ ఒక సంగతి బాగా మనసుకు పట్టింది. పట్టా ఎవరిదో వాళ్ళే రావాలి. ఇంకెవరొచ్చినా చెల్లదు.

తర్వాత ఆ రోగం వచ్చింది.

ఊళ్ళో ఆటోకు మైకు కట్టి, "ఇంట్లోనే ఉండండి, క్షేమంగా ఉండండి" అని తిప్పారు. ఆ ఆటో ఎందుకో లేఅవుట్ దాకా కూడా వచ్చింది. ఊరికి తొమ్మిది కిలోమీటర్ల అవతల, గుట్ట పక్కన, మోకాలెత్తు దాటని పునాదుల మధ్య తిరిగి, ఇంట్లోనే ఉండండని చెప్పి వెళ్ళిపోయింది. వినడానికి అక్కడ ఇద్దరే ఉన్నారు. నాగూరమ్మ, ఆమె భర్త పేరయ్య.

వాళ్ళిద్దరూ బండల డిపోలో లారీలకు ఎత్తుడు కూలీలు. డిపో మూతపడింది. ఊళ్ళో ఒంటిగది అద్దెకొంపలో ఇద్దరు ఆడపిల్లలతో ఉంటున్నారు. ఆ నెలాఖరులోగా పునాది పూర్తిచేసి ఫొటో ఎక్కించకపోతే స్థలం రద్దయి జాబితాలో తర్వాతివాళ్ళకు పోతుందని నిబంధన. మేస్త్రీలు దొరకని రోజులు. మొగుడూ పెళ్ళాలే గుట్టమీది రాళ్ళు మోసుకొచ్చి పేర్చుకుంటున్నారు. పీరా కనిపించినప్పుడల్లా నాగూరమ్మ అడిగేది, "సార్, నాకు పలక ఎప్పుడిస్తావు?" అని. నన్ను పట్టుకుంటే చాలు, ఇల్లు చేతికొచ్చినట్టే ఆమెకు. నన్ను అంత ఆశగా చూసిన మనిషి మరొకరు లేరు. బళ్ళో పిల్లలైనా చూసేవాళ్ళు కారేమో.

ఇంక రెండు వరుసలు మిగిలాయనగా ఆమెకు జ్వరం పట్టుకుంది. దగ్గు విని ఇంటి ఓనరు ఆదివారం లోపల గది ఖాళీ చెయ్యమన్నాడు. మిగతా రెండు వరుసలూ పేరయ్య ఒక్కడే పేర్చాడు. పునాది మీద పరదా పట్ట కట్టుకుని అక్కడే ఉందామని వాళ్ళ ఆలోచన. కానీ ఫొటో ఎక్కని స్థలం ఎవరిదని ఉండటం? పీరా ఫోనులో పేరయ్యకు ధైర్యం చెప్పాడు. "పునాది ఫొటో ఒక్కటి ఎక్కనీ, ఆ స్థలం మిమ్మల్ని వదిలి యాడికీ పోదు" అన్నాడు.

ఆ శుక్రవారం పొద్దున పైనుంచి ఉత్తరువు వచ్చింది. పీరా వసారాలో కూర్చుని భార్యకు పైకి చదివి వినిపించాడు. 'ప్రస్తుత ఆరోగ్య అత్యవసర పరిస్థితుల దృష్ట్యా గృహనిర్మాణ నిబంధనలు సడలించడమైనది. గడువు మూడు నెలలు పొడిగించడమైనది. లబ్ధిదారు అనారోగ్యముతో ఉన్నచో స్వయముగా హాజరు కానవసరము లేదు. కుటుంబములోని వయోజనులెవరైనను ఫొటోకు నిలబడవచ్చును.'

"నాగూరమ్మ బతికిపోయింది" అన్నాడు పీరా. నిజంగానే సంతోషపడ్డాడు. మంచివాడు. వెంటనే వార్డు వాలంటీరు అమ్మాయికి ఫోను చేశాడు. "అమ్మా, ఇళ్ళకు సడలింపు ఇచ్చారు. అందరికీ చెప్పు. నాగూరమ్మకు ముందు చెప్పు" అన్నాడు. ఆ అమ్మాయి చెప్పింది. ఒక్క అక్షరం కూడా మార్చలేదు పాపం. "పిన్నీ, ఇళ్ళకు సడలింపు ఇచ్చారంట. పీరా సార్ నీకు ముందు చెప్పమన్నాడు."

అప్పట్లో సడలింపు అనే మాట పసిపిల్లలకు కూడా తెలుసు. దానికి ఒకటే అర్థం. పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా బయటికి పోవచ్చు. పాలకు సడలింపు, కూరగాయలకు సడలింపు, మందులకు సడలింపు. ఇప్పుడు ఇళ్ళకు కూడా ఇచ్చారు. పన్నెండు లోపల పోయి పలక పట్టుకోవాలి. నాగూరమ్మకు అట్లా అర్థమైంది. ఆమె స్థానంలో ఎవరున్నా అట్లాగే అర్థమయ్యేది.

తనే పోతానని పేరయ్య అన్నాడట. "నీకు మీసముంది గదా" అందట ఆమె, ఆ జ్వరంలోనే నవ్వుతూ. ఆటోలు లేవు. సైకిలు వెనక కూర్చోబెట్టుకున్నాడు. ఎండాకాలం, తొమ్మిది కిలోమీటర్లు. ఎక్కుడు వచ్చినచోట దిగి తోసుకుంటూ పోయాడు. ఇదంతా తర్వాత పేరయ్య పీరాకు చెబుతుంటే విన్నాను.

పదకొండు దాటాక పీరా ఫోను మోగింది. "సార్, మేము వచ్చి కూర్చున్నాం. ఇంకా రాలేదేంది? పన్నెండు కొడితే సడలింపు అయిపోతాది" అంటున్నాడు పేరయ్య. పీరాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా మోటారు సైకిలు తీశాడు. సంచిలో నేనూ వెళ్ళాను.

నాగూరమ్మ పునాది రాళ్ళకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. ఊపిరి తీసుకునేటప్పుడు భుజాలు పైకి లేస్తున్నాయి.

"అమ్మా నాగూరమ్మా, ఎందుకొచ్చావమ్మా? సడలింపంటే నువ్వు రానక్కర్లేదనమ్మా. గడువు కూడా పెంచారు. పేరయ్య ఒక్కడొచ్చినా సరిపోయేది" అన్నాడు పీరా.

ఆమె అతనికేసి చూసింది. "రావద్దు అని చెప్పుంటే రాకపోయేదాన్ని గదా సార్" అంది. కోపంగా అనలేదు. తప్పు తనదేమో అన్నట్టు అంది.

రాయికి ఏడుపు రాదు. నాకు మాత్రం కోపం వచ్చింది. మార్కాపురంలో పుట్టినప్పటినుంచీ నా మీద ఎన్నో మాటలు రాశారు, తుడిచారు. 'రావద్దు' అనేది నాలుగు బలపం గీతల్లో అయిపోయే మాట. అది రాయడం చేతగాక పెద్దవాళ్ళు అంత పెద్ద ఉత్తరువు రాశారు.

పీరా ఆస్పత్రికి పోదామన్నాడు. ఆమె కదల్లేదు. "ఇంత దూరం వచ్చా గదా, పలక ఇయ్యి సార్" అంది. పేరయ్య కూడా బతిమాలాడు. "తియ్యండి సార్, లేకుంటే కదలదు ఈమె. నాకు తెలుసు." పీరా గబగబా నా మీద పేరు రాసి ఇచ్చాడు. ఆమె లేచి, కొంగు సర్దుకుని, నన్ను ఛాతీకి ఆనించుకుంది. వేళ్ళు కాలిపోతున్నాయి. లోపల గురగురమని ఊపిరి ఆడటం నాకు తెలుస్తోంది. గుట్ట పక్కన సిగ్నల్ సరిగ్గా అందదు. ఫోనులో చక్రం తిరుగుతూనే ఉంది. ఫొటో ఎక్కేదాకా కదలకూడదేమోనని ఆమె అట్లాగే నిలబడింది. "తీశాను, కూర్చోమ్మా" అని పీరా అన్నా వినలేదు. "ఎక్కిందా?" అని అడిగింది. మూడుసార్లు అడిగింది. ఎక్కిందని అతను అన్నాకే కూలబడింది.

ఆమెను మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ముగ్గురూ బయల్దేరారు. ఊరి మొదట్లో కర్రలు అడ్డం కట్టి ఉన్నాయి. పన్నెండు దాటింది. "సడలింపు అయిపోయింది, ఎనక్కి పోండి" అన్నాడు పోలీసు. పీరా ఉద్యోగం కార్డు చూపించాడు, దండం పెట్టాడు, చివరికి అరిచాడు. పోలీసు దగ్గరికొచ్చి నాగూరమ్మ ముఖం చూసి, ఇంకేమీ అనకుండా తనే కర్రలు లాగేశాడు. కానీ ఆస్పత్రిలో మంచం లేదు. సాయంత్రం దాకా వసారాలో నేల మీద పడుకోబెట్టారు. తర్వాత లోపలికి తీసుకుపోయారు. పేరయ్యను గేటు బయటే ఆపేశారు.

నాలుగో రోజు ఫోను వచ్చింది. మనిషిని ఇవ్వలేదు, చూపించలేదు. అప్పుడు ఎవరికీ చూపించలేదు లెండి. పీరా తన భార్యకు ఈ కబురు చెబుతూ సగంలో ఆపేసి బయటికి వెళ్ళిపోయాడు.

పేరయ్య పిల్లలిద్దరితో పునాది మీద పరదా కట్టుకుని ఉన్నాడు. కొన్ని నెలలకు గోడలు కిటికీల ఎత్తు లేచాయి. మళ్ళీ ఫొటో. పీరా ఫోను తెరిచాడు. లబ్ధిదారు రాకపోతే కారణం ఎంచమని అడుగుతోంది. మూడు కారణాలే ఉన్నాయి. అనారోగ్యం, ఆస్పత్రి, క్వారంటైన్. మరణం అనే మాట అందులో లేదు. సడలింపు ఉన్నది బతికున్న రోగులకే. చనిపోయిందని విడిగా రాసి పంపితే పని అక్కడికక్కడ ఆగిపోతుంది. వారసులెవరో విచారణ తేలేదాకా పట్టా ఎవరిదీ కాదు. ఎప్పుడు తేలుతుందో పీరాకే తెలియదు. వానలు మొదలయ్యాయి, పైన పరదా తప్ప ఇంకేమీ లేదు.

"ఏం పెట్టమంటావు పేరయ్యా?" అన్నాడు.

"ఆస్పత్రి అని పెట్టండి సార్" అన్నాడు పేరయ్య. "లోపలికి తీసుకుపోవడం చూశా. బయటికి తేవడం నేను చూళ్ళేదు గదా."

పీరా ఆస్పత్రి అని నొక్కాడు. నా మీద ఆమె పేరు రాసి పేరయ్య చేతికిచ్చాడు. గోడలు పూర్తయినప్పుడు ఆస్పత్రి. శ్లాబు పోసినప్పుడు ఆస్పత్రి. నేనూ ఆ అబద్ధాన్ని మూడుసార్లు మోశాను. మోయనని చెప్పే నోరు నాకు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు.

ఏడాదిన్నర గడిచింది. మూతులకు కట్టుకున్న గుడ్డలు తీసేశారు. ఇల్లు పూర్తయింది. తలుపు బిగించారు, పిల్లలు గడపకు పసుపు రాశారు. చివరి ఫొటో ఎక్కితే ఇంటి పత్రం చేతికొస్తుంది. ఆ రోజు పీరాతోపాటు కొత్తగా బదిలీ అయి వచ్చిన ఇంజనీరమ్మ కూడా వచ్చింది. చిన్న వయసు, నెమ్మదైన మనిషి. పిల్లలను దగ్గరికి పిలిచి పేర్లు అడిగింది. తర్వాత ఫోనులో పాత వివరాలన్నీ చూసింది.

"ఏడాదిన్నర నుంచీ ఆస్పత్రిలోనేనా ఈమె? అయ్యో పాపం" అంది. పీరా నేలకేసి చూస్తున్నాడు. "కానీ పేరయ్యగారూ, సడలింపు తీసేశారు. రోగం తగ్గింది గదా, పాత నిబంధనే మళ్ళీ వచ్చింది. పట్టా ఆమె పేరున ఉంది కాబట్టి ఆమే నిలబడాలి. ఒక్క ఫొటోకే. ఎట్లాగోట్లా ఒక్కసారి రమ్మనండి."

పేరయ్య చేతిలో నేనున్నాను. నా మీద ఆమె పేరుంది. పిల్లలిద్దరూ తండ్రి ముఖంలోకి చూస్తున్నారు.

"రావద్దన్న రోజే వచ్చింది మేడమ్" అన్నాడు. "రమ్మంటే రాకుండా ఉంటాదా?"