టీవీలో పిన్ని చేతులు

ఆ రోజు ఇంట్లో నాన్నమ్మ, నాన్న, అమ్మ, నేను ఉన్నాం. డ్వైట్ బాబాయి కోర్టులో ఉన్నాడు. మార్లిస్ పిన్ని కూడా అక్కడే ఉంది కానీ మా ముందుగదిలోనూ ఉంది, టీవీలో. అదీ సగమే. రెండు చేతులు మాత్రం కనిపిస్తున్నాయి.

మా విస్కాన్సిన్ కోర్టుల్లోకి కెమెరాని రానిస్తారు. సాక్షి కోరితే మాత్రం ఆ సాక్షి ముఖం చూపించనివ్వడు జడ్జి. బాబాయి మా ఊరి ఫైర్ స్టేషన్‌కి కెప్టెన్. పిన్నిని కొట్టాడన్నది కేసు. అసలు కెమెరానే వద్దనమని నాన్నమ్మ మా అమ్మ చేత పిన్నికి కబురు పంపింది. "ఉండనీ అక్కా, వంటింట్లో చెబితే ఎవరు విన్నారు?" అందట పిన్ని. ముఖం దాచుకోవడానికి మాత్రం ఒప్పుకుంది.

"పోన్లే, మొహం కనబడలేదు. పరువు దక్కింది," అంది నాన్నమ్మ.

నాకలా అనిపించలేదు. ప్రతి శుక్రవారం ఫైర్ స్టేషన్ హాల్లో ఊరంతటికీ చేపలు వేయించేది ఆ చేతులే. బాబాయి మంటలార్పితే చప్పట్లు కొడతారు. పిన్ని వేయించి పెడితే ఇంకో ముక్క వెయ్యమంటారు. పళ్ళెం చాపినవాళ్ళెవరూ ఆమె ముఖంలోకి చూసి ఉండరు. ఆ చేతుల్ని మాత్రం అందరూ గుర్తుపడతారు.

"లోయిస్, కాఫీ చల్లారిపోయింది," అన్నాడు నాన్న. అమ్మ కప్పు తీసుకెళ్ళింది. పొద్దుటి నుంచి కూర్చోనిది అమ్మ ఒక్కతే.

టీవీలో బాబాయి లాయరు అడుగుతున్నాడు. "మీ చిటికెన వేలు సొరుగులో పెట్టి మూశాడంటున్నారు. చూసినవాళ్ళున్నారా?"

కుడిచెయ్యి మెల్లగా వచ్చి ఎడమచేతిని కప్పేసింది. వంకరగా అతుక్కున్న వేలు కనబడకుండా పోయింది.

"లేరండీ. ఒక్కదాన్నే ఉన్నాను."

"అంటే మీ మాట తప్ప ఇంకేమీ లేదన్నమాట."

ఆ రోజు వాళ్ళ వంటింట్లో ఉన్నది ఆమె ఒక్కతే కాదు. పక్కనే నేను బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాను. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు, చేతికి గిన్నెలు తుడిచే గుడ్డ చుట్టుకుని, "నువ్వు చూళ్ళేదు తల్లీ. నీకెందుకిదంతా," అంది. డాక్టరుకి కారు తలుపు పడిందని చెప్పింది. చెప్పకుండా ఉండటం నాకు బాగా వచ్చు. బడిలో హాజరు పిలిచినా నా గొంతు వినబడదు. ఇప్పుడు ఊరంతా చూస్తుండగా, పిన్ని తన వేలితో పాటు నన్ను కూడా ఆ చేతికింద దాచేసింది.

"నేనున్నాను," అన్నాను.

నాన్న టీవీ గొంతు తగ్గించాడు. "ఎక్కడ?"

"ఆ వంటింట్లో. చూశాను."

"నోర్మూసుకుని కూర్చో. మేం ఊళ్ళో తలెత్తుకు తిరగద్దా? రేపు ఆ కెమెరా నిన్ను కూడా..."

"చిన్నపిల్లల ముఖం చూపించరు నాన్నా. చేతులే చూపిస్తారు."

"ఇన్నాళ్ళూ మూగదానిలా తిరిగి, ఇప్పుడొచ్చిందే మాట!" అంది నాన్నమ్మ. "బాబాయి సైకిలు కొనిచ్చాడు, మర్చిపోయావా?"

మర్చిపోలేదు. నీలం రంగుది, మెట్ల దగ్గరే ఉంది. కోర్టుకి దాని మీదే వెళ్ళాలి.

లేచాను. నాన్న కూడా లేచాడు. అమ్మ కాఫీ కెటిల్ కింద పెట్టి, కొక్కేనికున్న నా కోటు తీసింది. చిన్నప్పట్లా ఒక్కో చెయ్యీ పట్టుకుని తొడిగింది. గుమ్మం దాకా నడిపించి, "ప్రభుత్వం తరఫు లాయరమ్మ ఎక్కడుందో అడుగు. నీ చేతులు వణికినా ఫరవాలేదు," అంది నా చెవిలో.

నన్ను బయటికి తోసి తలుపు వేసేసింది.

"తప్పుకో లోయిస్!" లోపల నాన్న అరుస్తున్నాడు. తలుపు కదల్లేదు.