చొరవ గడి

"రాయి. చెప్పిన పని చేస్తుంది. చొరవ లేదు. చొరవకి పదికి మూడు."

సూపర్‌వైజరు కళ్లు మూసుకుని చెబుతున్నాడు. ఆమె రాస్తోంది. కాయితం మీదున్న పేరు ఆమెదే.

పెద్దాసుపత్రిలో బట్టలుతికే విభాగం అది. పనిచేసే తొమ్మిదిమంది గురించీ ఏడాదికో కాయితం పైకి వెళ్లాలి. రాయాల్సింది సూపర్‌వైజరు. ఆయన రాసింది ఆయనకే అర్థం కాదు. "నీ అక్షరం గుండ్రంగా ఉంటుందమ్మా, నేను చెబుతా, నువ్వు రాసెయ్" అన్నాడు మొదటి ఏడు. ఆ రోజు ఆమె నవ్వుకుంటూ ఇంటికెళ్లింది. మంచి మాటకి ఎంత మొహంవాచిపోయి ఉంటే అంత నవ్వు వస్తుందో తర్వాత తెలిసింది. ఇప్పటికి పదకొండేళ్లు. తనకి చొరవ లేదని తన చేత్తోనే పదకొండుసార్లు రాసింది.

తోటి ఆడవాళ్లు రాతక్క అంటారు. మడతలబల్ల దగ్గర ఉండే ఆవిడ అయితే, "అక్కా, నీ రాత బాగుంటుంది గానీ, నీ రాతే బాలేదు" అని తన మాటకి తానే నవ్వుతుంది.

ఈసారి సంగతి వేరు. సూపర్‌వైజరు వచ్చే నెల రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ ఎవరికన్నది సూపరింటెండెంటు ఈ కాయితాలు చూసే తేలుస్తారు. చొరవ గడిలో అయిదుకి తగ్గితే ఆ పేరు పక్కకి. అందరికన్నా పాతమనిషి ఆమె. అడగలేక అడిగింది.

"సార్, ఆ మూడు..."

ఆయన కళ్లు తెరిచాడు. "ఉన్నమాటేగా. నీకు చెబితేగానీ ఏదీ తోచదు. తప్పు కాదులే, ఆడవాళ్లకి సగం ధ్యాస ఇంటి మీదే ఉంటుంది. తర్వాతి కాయితం తియ్యి. మా బావమరిదిది."

బావమరిదికి తొమ్మిది రాయించాడు. కిందటేడు ఆవిరి గొట్టం పగిలినప్పుడు అతను చొరవ చూపించిన మాట నిజం. అందరికన్నా ముందు బయటికి పరిగెత్తాడు. వాల్వు తిప్పి ఆవిరి ఆపింది ఆమె. మణికట్టు మీద మచ్చ ఇంకా ఉంది.

"ఇవన్నీ ఇంటికి తీసుకెళ్లి శుభ్రంగా తిరగరాసి పట్టుకురా. పొద్దున్నే సంతకాలు పెట్టేస్తా" అన్నాడు.

ఇంట్లో అంట్లు తోముతూ ఆ ఒక్క మాటనే తిరగేసి మరగేసి చూసింది. చొరవ. పెళ్లయిన నెలకి పొయ్యిని కిటికీ కిందకి జరిపింది, పొగ బయటికి పోతుందని. అత్త గుమ్మంలో నిలబడి, "ఎవరు చెప్పారు నీకు?" అంది. "కోడలికి ఇంత చొరవ పనికిరాదు" అంది. పొయ్యి మళ్లీ చీకటి మూలకే పోయింది. మర్నాడు అత్తే పొగకి దగ్గింది, అయినా జరపనివ్వలేదు. అత్త పోయి ఆరేళ్లు. ఆ మాట మాత్రం పోలేదు. తర్వాత ఆమె ఆగిపోయిన చదువు ఇంటి నుంచే చదువుదామని దరఖాస్తు తెచ్చుకుని నింపింది. మొగుడు చూసి, "నాతో ఒక్క మాట లేకుండానే? ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు. కేకలెయ్యలేదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్లకాలు కింద దోపాడు. బల్ల ఊగడం మానేసింది. అప్పటినుంచి ఆ మడతని తప్పించుకుంటూ రోజూ నేల తుడుస్తోంది. ఆ మనిషే, పాలు పొంగిపోతుంటే పక్కనే పేపరు చదువుకుంటూ కూర్చుని, "చెప్పొచ్చుగా, కట్టేసేవాణ్ణి" అంటాడు. మగాడికి చెప్పాలి. చెప్పకపోతే తప్పు ఆమెది. ఆమెకి చెప్పకుండానే తెలియాలి. తెలిసి చేస్తే అది ఇంటిపని, దానికి మెప్పు లేదు. ఒక్క అడుగు ముందుకేసి చేస్తే బరితెగింపు. మరి ఈ చొరవ అనేదాన్ని ఎప్పుడు నేర్చుకోవాలి, ఎక్కడ నేర్చుకోవాలి? పాతికేళ్లు వద్దు వద్దని వేళ్లతో సహా పీకేసి, ఇప్పుడేమో కాయేదీ అని అడుగుతున్నారు.

ఆసుపత్రి మాత్రం తక్కువ తిందా? ఆపరేషను గది దుప్పట్లు మామూలు వార్డువాటితో కలిసిపోతుంటే, మూలన ఎర్రదారం కుట్టి వేరు చేసింది ఆమె. "ఇవన్నీ నీకెందుకు, ఎవరు చెప్పారు నీకు?" అని సూపర్‌వైజరే గద్దించాడు. నెల తిరక్కుండా అదే పద్ధతిని తన ఆలోచనగా పైన చెప్పుకుని శాలువా కప్పించుకున్నాడు. మొన్న ఎవరో టై కట్టుకున్నాయన్ని పిలిపించి పాఠం పెట్టించారు. ఎవరో చెప్పేదాకా ఆగకండి, మీలోంచే ప్రేరణ రావాలి అని ఆయన గంటసేపు చెప్పాడు. కుర్చీలు చాలక ఆడవాళ్లు నిలబడి ఉంటే, ఆమె మెల్లగా వెళ్లి పై అంతస్తు నుంచి రెండేసి చొప్పున కుర్చీలు మోసుకొచ్చింది. పాఠం సగం వినలేదు. చివర్లో ఆయన కుర్చీలు వేయించినందుకు సూపర్‌వైజరుకి కృతజ్ఞతలు చెప్పాడు.

"నాకు చొరవ లేదని రాయించాడు" అంది మొగుడితో.

"నిజమేగా" అన్నాడు పేపరు దించకుండా. "అయినా నువ్వు సూపర్‌వైజరువైతే పొద్దుపోయి వస్తావు. ఇక్కడెవరు చూస్తారు?"

ఆమె చేతులు తుడుచుకుని బల్ల ముందు కూర్చుంది. ఎనిమిది కాయితాలు ఆయన చెప్పింది చెప్పినట్టే తిరగరాసింది, బావమరిది తొమ్మిదితో సహా. తొమ్మిదోది తనది. చొరవ మార్కుల గడి ఖాళీగా వదిలేసింది. మార్కులు వెయ్యడం తన పని కాదు. కింద కారణం రాయడానికి రెండు గీతలున్నాయి. వాటి మీద అవే గుండ్రటి అక్షరాలతో రాసింది:

"దుప్పట్లకి ఎర్రదారం పద్ధతి పెట్టింది ఈమె. ఆవిరి వాల్వు కట్టేసింది ఈమె. పదకొండేళ్లుగా ఈ కాయితాలన్నీ రాసింది ఈమె, ఇది కూడా. సంతకం పెట్టినవారు చదవలేదు."

దాపరికం లేదు. ఆ కాయితాన్ని అన్నిటికీ పైనే పెట్టింది.

పొద్దున్న సూపర్‌వైజరు ఫోనులో తన వీడ్కోలు సభ గురించి మాట్లాడుతున్నాడు. ఆమె దొంతరని ముందు పెట్టింది.

"ఒకసారి చదువుకోండి సార్."

ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "పదకొండేళ్ల నుంచీ చూస్తూనే ఉన్నాగా" అన్నాడు. తొమ్మిది సంతకాలు గీకేశాడు. మొదటిది ఆమె కాయితం మీదే.

ఆమె కాయితాలు ఫైల్లో పెట్టుకుని మెట్ల వైపు నడిచింది.

"ఏయ్, ఎక్కడికి?"

"పైకి. సూపరింటెండెంటు గారి దగ్గరికి."

"సాయంత్రం నేను తీసుకెళ్తాగా. ఎవరు చెప్పారు నీకు?"

ఈ ప్రశ్నకి ఆమె ఇన్నేళ్లలో ఎవరికీ జవాబు చెప్పలేదు. మొదటి మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది.

"ఎవరూ చెప్పలేదు" అంది. రెండో మెట్టు ఎక్కింది.