నా నిద్ర పుస్తకం

నా నిద్ర పుస్తకం మా ఇంటాయన రాశాడు.

పంజాగుట్ట దవాఖానలో ఇచ్చిన పుస్తకం అది. రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నిసార్లు లేచారు, ఎందుకు లేచారు, పొద్దున ఎప్పుడు లేచారు అని గళ్లు గళ్లుగా ఉంటుంది. పద్నాలుగు రోజులు నింపాలి. నాకు సంతకం వరకే చదువు. పుస్తకం ఇంటికి రాగానే ఆయన కళ్లజోడు పెట్టుకుని, "నీకేం తెలుస్తది, ఇటు తే, నేను రాస్త" అని అందుకున్నాడు. రోజూ పొద్దున చాయ్ తాగుతూ రాసేవాడు. తొమ్మిదింటికి పడక, ఆరింటికి లేవడం, మధ్యలో సున్నా.

"నాలుగుమార్లు లేచిన గద" అన్నాను మొదటిరోజు.

"గవన్ని రాస్తరా? డాక్టరమ్మ నవ్వుతది."

ఆయన రాసింది అబద్ధమని కూడా అనలేను. తొమ్మిదింటికి పడుకుని ఆరింటికి లేచిన మాట నిజమే. కాకపోతే అది ఆయన నిద్ర.

అసలు ఇదెట్లా మొదలైందంటే, బీపీ చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టర్ ధాత్రి నా కళ్ల కిందికి చూసి "నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగింది. డెబ్భై ఏళ్లొచ్చాయి నాకు. ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. నిద్ర పట్టనివాళ్ల కోసం కొత్త మాత్ర ఒకటి వచ్చిందట, దాన్ని పరీక్షిస్తున్నారట. సగం మందికి అసలు మాత్ర ఇస్తారు, సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్త మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది పోయిందో ఇచ్చేవాళ్లకు కూడా తెలియదట. ముందు రెండు వారాలు పుస్తకం నింపాలి, కదిలినప్పుడల్లా గుర్తు పెట్టుకునే గడియారం వాళ్లిచ్చింది చేతికి కట్టుకోవాలి, ఒక రాత్రి అక్కడి గదిలో పడుకోవాలి. అన్నీ సరిపోతేనే మాత్ర.

"నీకు ఉత్త మాత్ర పడితే ఎట్ల అవ్వా?" అంది అక్కడ పనిచేసే షెర్లిన్ అనే పిల్ల.

"పడనీ బిడ్డా. మాత్ర మింగింది, ముసల్దాన్ని లేపకుర్రి అంటరు గద ఇంట్ల" అన్నాను.

నాకు కావలసింది ఆ ఒక్క మాటే. మాత్ర కాదు.

బల్కంపేటలో మాది రెండు గదుల ఇల్లు. రాత్రిపూట మా ఆయనకు పిక్కలు పట్టేస్తాయి. "ఏమే" అంటాడు, లేచి ఒత్తుతాను, పొద్దునకు ఆయనకు ఆ సంగతే గుర్తుండదు. కొడుకు జగదీశ్‌ది రాత్రి డ్యూటీ, రెండున్నరకు దిగుతాడు. తలుపు తీసి అన్నం వేడిచేసి పెట్టాలి. రోజు విడిచి రోజు నాలుగింటికి నల్లా వస్తుంది, మోటరు వెయ్యాలి, బిందెలు పట్టాలి. ఐదింటికి మనుమడి బడి డబ్బా కట్టాలి. కోడలు మమత బట్టల దుకాణంలో రోజంతా నిలబడే కొలువు చేసి వస్తుంది, దాన్ని లేపబుద్ధి కాదు నాకు. ఒకసారి జగదీశ్‌తో అన్నాను, ఒక తాళంచెవి నీ దగ్గర పెట్టుకోరా అని. "నీకెట్లాగు నిద్ర పట్టదు గదనే అమ్మా. మెల్కతోనే ఉంటవ్, జర తలుపు తీస్తే ఏమైతది?" అన్నాడు. చెడ్డపిల్లడు కాదు. నవ్వుతూనే అన్నాడు.

అందుకని నా పుస్తకం నేనూ రాసుకున్నాను. పైసలకు చీరల ఫాల్స్ కుట్టిస్తాను, ఆ దారాలున్నాయి కదా, ఒక పోగు తీసి రవికలో పెట్టుకున్నాను. లేచినప్పుడల్లా దానికి రంగు దారం ముక్కతో ఒక ముడి, తెల్లారితే బెత్తెడు ఎడం. పిక్కలకు ఎర్రది, తలుపుకు నల్లది, నల్లాకు తెల్లది, డబ్బాకు పచ్చది. ఇది మా అత్త నేర్పిన విద్యే. మాది నేతపని ఇల్లు. చీర మీద పువ్వు దిగాలంటే ముందు నూలును ఆసు పొయ్యాలి, అంటే అర్ధచంద్రంలా ఉన్న మేకుల చుట్టూ చేత్తో పోగును తిప్పుతూనే ఉండాలి, వేలసార్లు. లెక్క తప్పకుండా పక్కనే దారానికి ముడులు వెయ్యమనేది అత్త. ఆసు పోసేది ఆడవాళ్లే. చీర మాత్రం ఆయన నేసిన చీర.

అక్కడే నా నిద్ర పోయింది. నాకప్పుడు ఇరవై ఏళ్లు, పెద్దపిల్ల నాగమణికి పదకొండు నెలలు. తెల్లవారుజామున ఆసు ముందు కూర్చున్నదాన్ని, మధ్యాహ్నం అన్నాలయ్యాక మళ్లీ కూర్చుని, చెయ్యి తిప్పుతూ తిప్పుతూనే గోడకు ఒరిగాను. ఎంతసేపో తెలియదు. పిల్ల పాకుతూ పోయి నూలు ముంచే రంగునీళ్ల గాబులో పడింది. తీసేటప్పటికి దాని చేతులు నీలంగా ఉన్నాయి. అది రంగేనని ఎంతసేపు తుడిచానో. ఇన్నేళ్లూ మా ఇంట్లో ఏ చిన్న మాటొచ్చినా చివరకు అక్కడికే వచ్చేది. "నువ్వు కునుకు తీస్తే ఏమైతదో తెల్వదా?" అత్త అనేది, అత్త పోయాక ఆయన అందుకున్నాడు. నేను సైతం అదే అనుకున్నాను. కళ్లు మూతపడితే చాలు, చెయ్యి దానంతటదే పిల్ల కోసం పక్కకు తడుముకునేది.

పదిహేనో రోజు దవాఖాన గదిలో పడుకున్నాను. షెర్లిన్ నా తలకు, గుండెకు తీగలు అంటించింది. ఇంకేమన్నా కావాలా అని అడిగి, దుప్పటి సర్దింది.

"నువ్వు పండుకో అవ్వా. పక్క గదిలనే ఉంట. తెల్లారేదాక మెల్కతోనే ఉంట, నిన్ను సూస్తనే ఉంట."

ఆ మాట విన్నది గుర్తుంది, తరువాతిది గుర్తులేదు. లేచేసరికి ఏడు దాటింది. ఎనిమిది గంటలు కదలలేదట. మూతి పక్క దిండు తడిసి ఉంటే సిగ్గేసింది.

పదింటికి ఆయన నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. ఇద్దరినీ డాక్టరమ్మ కూర్చోబెట్టింది. కంప్యూటరులో గడియారం గీసిన గీతలు చూపించింది, పక్కన పుస్తకం పెట్టింది.

"బిక్షం గారూ, ఇది ఎవరు రాశారు?"

"నేనే మేడం. దానికి రాయరాదు."

"రాత్రంతా నిద్రపోయినట్టు రాశారు. గడియారమేమో రోజూ మూడు నాలుగుసార్లు లేచి తిరిగారంటోంది."

నేను రవికలోంచి దారం తీసి బల్ల మీద పెట్టాను. ఏ రంగు దేనికో చెప్పాను. ఆమె ఒక్కొక్క ముడినీ వేలితో జరుపుతూ గీతలకు సరిచూసుకుంది. ఒక్కటీ తప్పలేదు. పుస్తకం మూసి పక్కకు జరిపింది. తరువాత అంది: "అమ్మా, మిమ్మల్ని ఇందులో తీసుకోలేను. పడుకోవడానికి వీలుండి కూడా నిద్ర పట్టనివాళ్లకే ఈ మాత్ర. మీకు ఆ జబ్బు లేదు. మిమ్మల్ని పడుకోనిస్తే చాలు."

మాత్ర లేదు. లేపకుర్రి అనే మాటా లేదు.

ఆయన మాత్రం కుర్చీలో వెనక్కి వాలాడు. "చెప్తనే ఉన్న. ఏ రోగం లేదు దీనికి. మేడం, మీకు తెల్వదు. పట్టపగలు ఇది పండుకుంటేనే నా బిడ్డ రంగు గాబుల పడి సచ్చింది."

పరాయి మనిషి ముందు ఎన్నడూ అనలేదు. తల వంచుకున్నాను.

"అప్పుడు మీరెక్కడున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"నేనా? ఇంట్లనే. తిన్నంక మగ్గం పక్కన చాప మీద పండుకున్న."

అంత తేలికగా చెప్పాడు. దాచుకోవాల్సిన మాట అని కూడా ఆయనకు తోచలేదు. గాబుకు నాకంటే ఆ చాపే దగ్గర. ఆ ఇంట్లో ఆ మధ్యాహ్నం ఇద్దరం పడుకున్నాం. యాభై ఏళ్లుగా ఒక్కదాని నిద్రే నేరమైంది.

నేను ఏడవలేదు. దారం తీసుకుని లేచాను.

కిందికి రాగానే ఆయన ఆటో మాట్లాడాడు. "ఎక్కు, జల్ది. తెల్లారితే నల్లా దినం."

"మోటరు బటన్ తలుపెనక ఉంది" అన్నాను. "తాళంచెవి జగదీశ్‌కియ్యి."

"ఏడికే?" అని అరుస్తూనే ఉన్నాడు. ఫుట్‌పాత్ పట్టుకుని అమీర్‌పేట వైపు నడిచాను. ఫాల్స్ కుట్టిన పైసలు కొంగున ఉన్నాయి. ఎంతమంది తల్లులు పిల్లలను దింపిపోయారో ఆ మధురానగర్ హాస్టళ్లలో, కుట్టిన చీరలు ఇవ్వడానికి పోయినప్పుడల్లా చూసేదాన్ని. మెట్లెక్కి ఒక ఆడపిల్లల హాస్టల్‌లోకి పోయాను. మంజూష అని అక్కడ రిజిస్టరు రాసే అమ్మాయి, నా చీరల గిరాకే.

"ఏందవ్వా, మనుమరాలు కోర్సుకొచ్చిందా?"

"ఎవ్వరు రాలే. నాకే. ఒక నెలకు."

నా ముఖం చూసి ఇంకేం అడగలేదు. రిజిస్టరు తిప్పింది. "తలుపు పక్క మంచం ఒక్కటి ఖాళీ ఉంది. గాలి మంచిగొస్తది."

"తలుపు పక్కది వద్దు బిడ్డా" అన్నాను. "తలుపు పక్కన పండుకున్నోళ్లే లేవాల్సొస్తది. గోడ దిక్కు మంచం ఎప్పుడు ఖాళీ అయితదో చెప్పు, గప్పటిదాక ఈడనే కూసుంట."