మధ్యలో పడిన నీడ

నేను ఒక సీసపు బిళ్లను. మినపగింజంత ఉంటాను. బాలానగర్‌లో ఒక లేత్ షెడ్డులో పుట్టాను. నన్ను చేయించినావిడ కౌసల్య, ఎక్స్‌రే ప్రయోగశాలలో శాస్త్రవేత్త.

“గింత బిళ్ల దేనికి మేడం? ముక్కుపుడకనా?” అని నవ్వాడు లేత్ నడిపే యాదగిరి.

“సీసం ముక్కుపుడక మీ ఆవిడకి ఇచ్చి చూడు, తెలుస్తుంది! గీసిన కొలతకంటే కాస్త పెద్దదే చెయ్యి. ఎందుకైనా మంచిది. కెమెరా కాలిందంటే మా ఉద్యోగాలు గోవిందా.”

ఎదిగే పిల్లకి గౌను వదులుగా కుట్టించే తల్లుల తెలివి అది. పిల్లైతే ఎదుగుతుంది. నేను ఎలా తగ్గను?

కెమెరా ముందు నిలబడటం నా పని. అలలన్నీ ఒకే అడుగులో నడిచే ఎక్స్‌రే వెలుగు ఒక రేణువును తాకి, చెదిరి, చుక్కలు చుక్కలుగా కెమెరా మీద పడుతుంది. ఆ చుక్కల నుంచి కంప్యూటర్ రేణువు బొమ్మను రాబడుతుంది. తాకకుండా నేరుగా వచ్చే వెలుగు కెమెరాను కాల్చేస్తుంది కనుక దాన్ని నేను ఆపుతాను. దూరంగా పడే చుక్కలు అంచుల సంగతి చెబుతాయి. లోపల బోలా, నిండా అన్నది మాత్రం మధ్యకు దగ్గరగా పడే చుక్కలే చెప్పాలి.

కౌసల్య ఏళ్ల తరబడి రేణువులు చేసింది. లోపల బోలుగా ఉంటే మందు నింపి రోగి ఒంట్లోకి పంపవచ్చు. నిండుగా ఉంటే అది వట్టి ఇసుక. అన్నీ చెడిపోగా ఒక్కటి నిలిచింది. అది నిలిచే వేళకి ఆవిడ మంచం పట్టింది. ఆస్పత్రి నుంచే, అదే ప్రయోగశాలలో పనిచేసే స్నేహితురాలు అరుంధతికి దాని బొమ్మ తీసే పని అప్పగించింది.

కౌసల్య చేయించిన దానికి మళ్లీ కొలత ఏమిటని అరుంధతి నన్ను అలాగే బిగించింది. మనుషులు తాము ప్రేమించిన వాళ్ల లెక్కలు సరిచూడరు.

వెలుగు వచ్చింది. రేణువు తన చుక్కలు ఇచ్చేసి కాలిపోయింది. బొమ్మలో అంచులు అద్దంలా వచ్చాయి. లోపలి సంగతి అడిగితే కంప్యూటర్ ఒకసారి బోలు అంది, మరోసారి నిండు అంది. మధ్య చుక్కలన్నీ నా నీడలో పడ్డాయి. అరుంధతి నన్ను ఊడదీసి, అప్పుడు కొలిచింది. నన్ను హ్యాండ్‌బ్యాగులో పిన్నీసుల మధ్య వేసుకుని ఆస్పత్రికి వెళ్లింది.

“ఏమే, బోలేనా?” అంది కౌసల్య.

“బోలే. లోపల కుండలా ఉంది.”

“నా మీద ఒట్టు?”

అరుంధతి హ్యాండ్‌బ్యాగును ఒళ్లో అదిమి పట్టుకుంది. “నీ మీద ఒట్టే.”

“కెమెరా కాలలేదు కదా?”

“లేదు. నీ బిళ్ల కాపాడింది.”

“చూశావా మరి! నువ్వైతే కొలత ప్రకారం చేయించేదానివి, పిచ్చి మొహమా,” అని నవ్వబోయి దగ్గింది.

ఆ వారంలోనే కౌసల్య పోయింది. డాక్టర్లు ముందే చెప్పిన సంగతే. ఒట్లను నమ్మని అరుంధతి, తను దొంగ ఒట్టు వేసిన మాట ఇంట్లో వాళ్లకీ చెప్పలేకపోయింది.

ఇప్పుడు నేను ఆమె బల్ల సొరుగులో ఉన్నాను. నా చోట సరైన కొలత బిళ్ల నిలబడి ఉంది. అరుంధతి రోజూ రేణువులు చేస్తోంది, ఒక్కటైనా బోలుగా వస్తే తన ఒట్టు నిజమవుతుందని. కౌసల్య చేతికి లొంగిన పదార్థం ఈమె చేతిలో పొడై రాలిపోతోంది.