పసుపు చుక్క

పొద్దున్న ఏడింటికి చుక్కల మేస్త్రీ షెడ్డు తలుపు పైకెత్తి, టీ గ్లాసు బల్ల మీద పెట్టి, గోడకి వేలాడుతున్న టార్క్ రెంచి తీశాడు. తీసినవాడు తీసినట్టే నిలబడిపోయాడు. రెంచి మీద అంకె తొంభై దగ్గరుంది.

అంత మాత్రానికే నిలబడిపోవాలా అంటారేమో. చెప్తా వినండి. అది మామూలు రెంచి కాదు. ఏ నట్టుకి ఎంత బిగువు కావాలో అంకె తిప్పి పెడితే, ఆ బిగువు రాగానే టక్కుమంటుంది. పని అయిపోయాక అంకెని అట్టడుక్కి తిప్పి, అప్పుడే గోడకి తగిలించాలి. ఇరవై ఏళ్ళుగా మేస్త్రీ ఈ నియమం తప్పింది లేదు. జ్వరమొచ్చినా తప్పలేదు, పెళ్ళినాడు కూడా తప్పలేదు. పెళ్ళినాడు షెడ్డులో నీకేం పని అని మాత్రం అడక్కండి, వాళ్ళావిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

తొంభై అంటే వెనక చక్రం ఇరుసు నట్టు. నిన్న సాయంత్రం వాళ్ళక్క బండికి చేసిన పని అదే. దాని తర్వాత బిగించాల్సినవి ముందు బ్రేకు బోల్టులు రెండు. వాటికి ముప్పై చాలు. ముప్పై పెట్టి బిగించి ఉంటే అంకె ముప్పై మీదైనా ఉండాలి, అడుగునైనా ఉండాలి. తొంభై మీద ఎలా ఉంటుంది?

"కొంప మునిగింది," అన్నాడు మేస్త్రీ పైకే. షెడ్డులో ఎవరూ లేరు.

అక్క వెళ్ళి గంటయింది. ఆరింటికి ఆరు బళ్ళు బయల్దేరాయి. డెబ్భై కిలోమీటర్ల దూరంలో కొండ. ఎక్కి, పైన టీ తాగి, అటు పక్క ఇరవై రెండు మలుపులు దిగాలి. ఎక్కేటప్పుడు బ్రేకుతో పెద్దగా పనుండదు. దిగేటప్పుడు ఉన్నదంతా బ్రేకే.

అక్కకి నలభై తొమ్మిది. బళ్ళో లెక్కల టీచరు. పోయినేడాది వరకూ బస్సులో కిటికీ పక్క సీటు కోసం పోట్లాడిన మనిషి. ఒకరోజు షెడ్డుకొచ్చి, "ఒరేయ్ తమ్ముడూ, నాకు బండి నేర్పరా," అంది. చుట్టాలంతా నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు కదా, ఆర్నెల్లు తిరిగేసరికి చిన్న ఇంజను బండొకటి కొనుక్కుని ఊరంతా తిప్పేసింది. ఇది మొదటి దూరప్రయాణం. కలిసి వెళ్ళే ఆ ఆరుగురి బృందానికి పెద్ద, ఒక పళ్ళ డాక్టరు. ఆయన వరస ఆయనది: ముందు తను, తన వెనక కొత్తవాళ్ళు, ఆ వెనక మిగతావాళ్ళు. వరస తప్పి ఎవరూ ముందుకి పోకూడదు. బయల్దేరాక కొండ దిగేదాకా ఫోను ముట్టుకోకూడదు, టీకి ఆగినప్పుడు కూడా.

ఇంకో ఆచారం కూడా ఉంది, అది మేస్త్రీ పెట్టిందే. బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు రంగుతో ఒక చుక్క. చుక్కుంటే బిగించినట్టు. బయల్దేరే ముందు డాక్టరు టార్చి వేసి ప్రతి బండికీ చుక్కలు చూస్తాడు. చుక్కల మేస్త్రీ అన్న పేరు అందుకే వచ్చింది. ఆ పేరంటే మేస్త్రీకి కాస్త గర్వం కూడా. లేదని ఎందుకు అబద్ధం చెప్పాలి?

నిన్న ఏం జరిగిందో ఇప్పుడు కళ్ళకి కట్టింది. వెనక ఇరుసు బిగించాడు, చుక్క పెట్టాడు. కుంచెలో ఇంకా రంగుంది, ఆరిపోతోంది. ముందు బోల్టులు వేళ్ళతో తిప్పి ఎక్కించి ఉన్నాయి, ఎలాగూ ఇప్పుడే బిగిస్తాగా అని వాటి మీదా రెండు చుక్కలు పెట్టేశాడు. అంతలో అక్క వచ్చింది.

"రేపు నేనూ వెనకాల వస్తానే," అన్నాడు.

"వద్దు. నీ చూపులు వీపుకి గుచ్చుకుంటుంటే నేను నడపలేను."

"కొండదారి అక్కా అది!"

"నీకు సైకిలు నేర్పినప్పుడు సీటు పట్టుకుని ఊరంతా పరిగెత్తాను. ఒకరోజు వదిలేశానా లేదా? నువ్వూ వదులు. రానని ఒట్టెయ్యి."

మాటా మాటా పెరిగింది. చివరికి మేస్త్రీ ఒట్టేసి, ఆ కోపంలో రెంచి గోడకి తగిలించి, దీపం ఆర్పేశాడు.

ఇప్పుడు ఫోను తీశాడు. అక్కకి చేశాడు, మోగుతోంది, ఎత్తదు. డాక్టరుకి చేశాడు, ఎత్తడు. మిగతా నలుగురికీ చేశాడు. వీళ్ళకి ఇంత క్రమశిక్షణ నేర్పినవాడెవడు? తనే. "దిగొద్దు, బండి ముట్టుకోవద్దు" అని అందరికీ రాసి పడేసి, రెంచీ, రెండు కొత్త బోల్టులూ సంచిలో వేసుకుని, తన పాత పెద్ద బండి లాగాడు. టీ గ్లాసు అలాగే ఉంది. తలుపు కూడా వెయ్యలేదు.

ఎనిమిదింటికి వాళ్ళు కొండ మీదికి చేరతారు, ఎనిమిదిన్నర దాకా కూచుంటారు. ఆలోగా అందుకోగలనని లెక్క కట్టాడు. కానీ సగం దారిలో రైలు గేటు పడింది. ఒక గూడ్సు వెళ్ళింది. గేటు లేవలేదు. ఇంకో గూడ్సు అటునించి వచ్చింది, పెళ్ళినడకలు నడుచుకుంటూ. పెట్టెలు లెక్కపెట్టాడు. యాభై రెండు. మేస్త్రీ హెల్మెట్ లోపల పళ్ళు నూరుతూ, "దేవుడా, చెయ్యి నరుక్కుంటా, ఆవిణ్ణి మాత్రం ఏం చెయ్యకు," అనుకున్నాడు. మామూలుగా దేవుడి జోలికి పోయే మనిషి కాదు.

కొండెక్కుతుంటే రోడ్డు మీద కళ్ళు పెట్టి వెతుక్కుంటూ పోయాడు. ఎక్కడైనా జారిన గీత ఉందా, అద్దం పెంకులున్నాయా, జనం మూగారా. ఏం లేదు. పైన టీ కొట్టు ముందు బళ్ళూ లేవు.

"ఆరుగురూ ఇప్పుడే దిగారు. ఐదు నిమిషాలు కాలేదు," అన్నాడు కొట్టాయన గ్లాసులు కడుగుతూ.

మేస్త్రీ బండి దిగకుండానే తిప్పాడు.

మూడో మలుపు దగ్గర చివరి బండి కనిపించింది. దాటాడు. ఆ మనిషి హారను మోగించాడు, వరస తప్పుతావా అని. ఇంకోటి దాటాడు, ఇంకోటి, ఇంకోటి. ఇక మిగిలింది అక్క, ఆవిడ ముందు డాక్టరు. ఆకుపచ్చ జాకెట్టు, నిటారుగా కూచున్న వీపు. బోర్డు మీద లెక్క రాస్తున్నప్పుడు కూడా అలాగే నిలబడుతుంది.

హారను కొట్టబోయాడు. బొటనవేలు మీట మీద పెట్టాడు కూడా. అంతలో వేలు వెనక్కి లాక్కున్నాడు.

హారను వింటే అక్క ఏం చేస్తుంది? బ్రేకు పట్టుకుంటుంది. ఉలిక్కిపడిన కొత్తవాళ్ళెవరైనా చేసేది అదే. కుడిచేతి నాలుగు వేళ్ళతో ముందు బ్రేకు గట్టిగా పిండేస్తారు. ఆ వదులు బ్రేకు తిరిగి చక్రంలో ఇరుక్కుంటే బండి పిల్లిమొగ్గ వేస్తుంది. పక్కన అడుగెత్తు గోడ, గోడ అవతల లోయ. కాపాడటానికి వచ్చినవాడే తోసినవాడవుతాడు. పక్కకి వెళ్ళి అరిచినా అంతే. తను ముందుకెళ్ళి బ్రేకు వేస్తే వెనక ఎర్రదీపం వెలుగుతుంది, అది చూసినా ఆవిడ పిండుతుంది.

మరెలా?

ఆర్నెల్ల కింద ఖాళీ మైదానంలో నేర్పిన పాఠం గుర్తొచ్చింది. తన దగ్గర నేర్చుకునే వాళ్ళందరికీ మొదటివారం అదే. ఎడమచెయ్యి పైకెత్తి అయిదు వేళ్ళూ చాపితే, ముందు బ్రేకు లేదనుకోవాలి. కుడిచేతి వేళ్ళు పిడి మీదే ఉండాలి. ఒక్కో గేరు తగ్గించుకుంటూ, ఇంజనుతోనే బండి లాగి పట్టి, ఆఖర్న కాలి బ్రేకుతో ఆపాలి.

"బ్రేకు పెట్టుకుని లేదనుకోవడమేంట్రా, చోద్యం కాకపోతే!" అంది అక్క అప్పుడు.

"బళ్ళో పిల్లలకి నువ్వు ఎక్స్ అనుకుందాం అనవూ? ఇదీ అలాగే."

నవ్వి, నలభైసార్లు చేసింది. ఇప్పుడు గుర్తుంటుందా? గుర్తున్నా, తను చెప్తే చేస్తుందా? రావొద్దని ఒట్టు వేయించుకున్న మనిషాయె.

మేస్త్రీ బండి ఎడంగా తీసుకుని, చప్పుడు పెంచకుండా, ఆవిడని మెల్లగా దాటి ముందుకొచ్చాడు. అద్దంలో చూస్తూ ఎడమచెయ్యి ఎత్తి వేళ్ళు చాపాడు.

అద్దంలో హెల్మెట్ అడ్డంగా ఊగింది. పో, అన్నట్టు.

చెయ్యి దించలేదు. దూరంలో మలుపు, మెలితిరిగిన పెద్దది, బ్రేకు వెయ్యకుండా ఎవరూ తిరగలేనిది. దానికి ముందు ఎడమపక్క రోడ్డు పనివాళ్ళు కంకర పోసుకోవడానికి చదును చేసిన జాగా ఉంది. ఆగితే అక్కడే ఆగాలి. క్లచ్చు కోసం చెయ్యి దించి, గేరు తగ్గించి, మళ్ళీ ఎత్తాడు. "అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. లేదనుకోవే. ఒక్కసారి లేదనుకో!" హెల్మెట్ లోపల అరిచాడు. ఎవరికి వినపడుతుంది?

అద్దంలో ఆవిడ కుడిచేతి వేళ్ళు బ్రేకు మీదే ఉన్నాయి. నాలుగూ కనిపిస్తున్నాయి. మలుపు దగ్గరైంది.

వేళ్ళు లేచాయి. ఒకటొకటిగా వెనక్కి వచ్చి పిడిని పట్టుకున్నాయి.

వెనక ఇంజను గొంతు మారింది. మూడు నించి రెండుకి. బండి మూలిగింది, వేగం తగ్గింది. రెండు నించి ఒకటికి. మేస్త్రీ కంకర జాగాలోకి తిప్పాడు. ఆవిడా తిప్పింది. చక్రాలు కంకరలో కరకరమన్నాయి, కాలి బ్రేకు పడింది, బండి ఆగింది.

అక్క హెల్మెట్ తీసింది. మొహం కందగడ్డలా ఉంది. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టావన్నమాట! అందరి ముందూ నా పరువు..."

మేస్త్రీ తన బండికి స్టాండు వేసి దిగాడు. వచ్చి ముందు చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఒక బోల్టు లేదు. ఎక్కడ రాలిపోయిందో ఏమో. రెండోది మూడు మరల మీద వేలాడుతోంది. వేలు తగిలించగానే చేతిలోకి ఊడి వచ్చింది. దాని నెత్తి మీద చుక్క మాత్రం చెక్కు చెదరలేదు, పచ్చగా మెరుస్తోంది.

డాక్టరు వెనక్కి నడిచొచ్చాడు. మిగతా నలుగురూ వచ్చి ఆగారు. "ఏమైంది మేస్త్రీ?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. బోల్టు నాసిరకం, మర అరిగింది, కొండదారి అదురు. పైగా ఇక్కడ నిలబడ్డ ప్రతి మనిషీ ఈ చుక్కని నమ్మే బండెక్కుతాడు. నిజం చెప్తే షెడ్డు మూసుకోవడమే. మేస్త్రీ బోల్టుని అందరికీ కనిపించేలా అరచేతిలో పెట్టాడు.

"నేను బిగించలేదు. బిగించకుండానే చుక్క పెట్టాను."

అక్క ఆ బోల్టు తీసుకుని చుక్క మీద వేలు పెట్టి చూసింది.

"పైన టీ దగ్గర ఆపుతుంటే ముందు చక్రంలో టకటకమందిరా," అంది చివరికి. గొంతులో కోపం లేదు. "కిందికి వంగి చూశాను. ఒక చుక్క కనపడింది. రెండోది అటుపక్క ఉంటుందిలే అనుకున్నా. మా తమ్ముడు చుక్క పెట్టాక నేను అనుమానపడటమేంటని బండెక్కేశా."

చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. మేస్త్రీ ఏడ్చాడు. నలభై అయిదేళ్ళ మగాడు, కంకరలో కూచుని, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క ఓదార్చలేదు. కాసేపు అలా వదిలేసి, "రెంచి తెచ్చావా?" అంది.

తెచ్చాడు. ముప్పైకి తిప్పి ఇచ్చాడు. కొత్త బోల్టులు రెండూ ఆవిడే ఎక్కించింది, ఆవిడే బిగించింది. టక్. ఇంకోసారి టక్. "డాక్టరుగారూ, మీరు కూడా లాగి చూడండి," అంది. ఆయన రెండు చేతులా లాగి చూసి తల ఊపాడు.

అప్పటికి మిగతావాళ్ళు ఒక్కొక్కరే తమ బళ్ళ దగ్గరికి వెళ్ళి చక్రాల పక్కన కూచున్నారు. ఎవరూ చుక్కలు చూడటం లేదు. వేళ్ళతో పట్టుకుని కదిపి చూస్తున్నారు. వాళ్ళు చేసేది న్యాయమే, మేస్త్రీకి తెలుసు. లేచి, కళ్ళు తుడుచుకుని, రెంచి పట్టుకుని ఒక్కో బండి దగ్గరికీ వెళ్ళాడు. అంకె తిప్పి ఇచ్చాడు, వాళ్ళు బిగించుకున్నారు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. అయినా ప్రతి టక్కూ నిలబడి విన్నాడు.

అంతా అయ్యాక అక్క హెల్మెట్ పెట్టుకుంటూ, "ఇకనించి బిగించినవాడు చుక్క పెట్టకూడదు. ఇంకొకళ్ళు లాగి చూసి పెట్టాలి," అంది.

"సరే అక్కా. ఒట్టు."

"ఒట్టొద్దులే, నీ ఒట్లు చూశాగా." బండి స్టార్ట్ చేసింది. "వెనకే రా."