పుల్లంపేట దాకా

గురప్ప పారతో ఇసుక ఎత్తి, గాలివాటం చూసుకుని రోడ్డు పక్కకు విసిరాడు. సగం పక్కన పడింది. మిగతా సగం తిరిగొచ్చి అతని మొహాన్నే కొట్టింది.

"చూస్తివా ఖలందరూ, ఈ ఇసుకకు నేనంటే ఎంత ప్రాణమో! మా అత్తగారింట్లో కూడా ఇంత మర్యాద జరగల్యా."

"మీసానికి వేసిన రంగంతా పాయ గదన్నా," అన్నాడు పక్కనే పారతో ఇసుక ఎత్తుతున్న రాయచోటి ఖలందర్. "వదిన నిన్ను చూసి, ఈ ముసిలోడు ఎవుడంటాది."

గురప్ప మీసం తడుముకుని నవ్వాడు. నిన్న రాత్రి అద్దం ముందు కూర్చుని, నాలుక బయటపెట్టి మరీ వేసుకున్న రంగు అది. ఈ రాత్రి ఎనిమిదింటికి చెన్నై విమానం. టికెట్టు జేబులో ఉంది, ఎగ్జిట్ పర్మిట్ ఫోన్లోకి వచ్చేసింది. పాస్‌పోర్టు ఒక్కటి మాత్రం, కంపెనీ కాగితాలు చూసే మందూబ్ సంచిలో ఉంది. ఆ మందూబ్ గురువారం, కువైట్ దక్షిణాన వఫ్రాలోని తన తోటకు పోయాడు. వెనకే ఇసుక తుఫాను లేచి, రెండు రాత్రుల్లో రోడ్డును మింగేసింది. ఆయన అటుపక్క, గురప్ప ఇటుపక్క. మధ్యలో నడుం లోతు ఇసుక.

పద్దెనిమిదేళ్లుగా గురప్ప పని ఇదే. యంత్రం పెద్ద కుప్పలు తోసేస్తే, అంచుల్లో మిగిలింది పారతో ఎత్తాలి. ఎత్తిన చోటే మర్నాడు మళ్లీ పడుతుంది. కుడి అరచెయ్యి పార కర్రకు సరిపడా వంగిపోయి, అన్నం కలిపేటప్పుడు కూడా పూర్తిగా తెరుచుకోదు. ఊళ్లో మాత్రం "కువైట్ రోడ్లన్నీ నా చేతిలోనే ఉండాయి" అని చెప్పుకుంటాడు. అబద్ధమని ఎవరంటారు?

జేబులో ఫోను గుయ్యిమంది. మరదలు వెంకటేశ్వరి వాయిస్ మెసేజి. "బావా, అక్క అడుగుతాండాది. యాడిదాంక వచ్చినావు?"

భార్య మద్దమ్మకు కిడ్నీలు పోయాయి. తిరుపతి డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. రెండు రోజులుగా మెతుకు ముట్టకుండా పడుకున్న మనిషికి, నిన్న రాత్రి గురప్ప ఒక వేళాకోళం పంపాడు. "బయలుదేరినా. ఎయిర్‌పోర్టు కాడుండా" అన్నాడు. ఆ మాటకు ఆమె లేచి కూర్చుని గంజి తాగిందట.

ఆ ఎత్తు ఇంజనీరు రామ్మోహన్ సారు చెప్పిన కథలోంచి పుట్టింది. నిన్న మధ్యాహ్నం కారు నీడలో నీళ్లు తాగుతుంటే ఆయన చెప్పాడు. పూర్వం పర్షియా చక్రవర్తికి ఈ కొస నుంచి ఆ కొసకు మూడు నెలలు నడిచేంత రాజ్యం ఉండేదట. దారి వేయించి, రోజు ప్రయాణానికి ఒక మజిలీ పెట్టాడట. ప్రతిచోటా కొత్త గుర్రం, కొత్త మనిషి. వార్త ఎక్కడా ఆగకుండా తొమ్మిది రోజుల్లో దాటేదట.

"సైన్యం కంటే ఆ మజిలీలే రాజ్యాన్ని పట్టుంచాయయ్యా," అన్నాడు రామ్మోహన్.

"ఆడ ఇసుక ఎత్తేటోళ్లు ఎవురు సార్?"

"అది పుస్తకంలో రాయలేదు గురప్పా."

"రాయర్లే సార్," అని నవ్వాడు గురప్ప.

ఇప్పుడు పార నేలకు గుచ్చి ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. "చెన్నైలో దిగినా అని చెప్పు. మీ అక్కకు చెప్పులు తెస్తాండా. అంత పెద్ద పాదాలు ఎవురివని ఎయిర్‌పోర్టులో పోలీసోళ్లు పట్టుకోని అడిగినారు."

మద్దమ్మ పాదాలు వాచి ఏ చెప్పూ పట్టక, పేపరు మీద పాదం పెట్టి పెన్సిలుతో గీసి పంపింది. ఆ కాగితం సెలవుకొచ్చి తిరిగెళ్లే వాళ్ల చేతులు మారి మారి, తొమ్మిదో రోజుకు అబ్బాసియాలో గురప్ప ఉండే గదికి చేరింది.

పది గంటలకు గురప్ప మెసేజిలో పుత్తూరు చేరాడు. పన్నెండుకు రేణిగుంట. అక్కడ బస్సు టైరు పంచరు చేశాడు. కోడూరులో అరటిపండ్లు కొన్నాడు. ప్రతి ఊరికీ అటునుంచి కబురు వచ్చింది. నవ్విందని, నీళ్లు తాగిందని, దిండు ఎత్తు పెట్టించుకుందని. ఖలందర్ పార ఆపాడు.

"అన్నా, ఊర్లు అయిపోతాండాయి. కొంచెం నిదానంగా పో."

గురప్ప ఈసారి నవ్వలేదు. పుల్లంపేట దాటితే ఇల్లే.

రెండింటికి ఒక వరస దారి తెరుచుకుంది. అటునుంచి మొదట వచ్చింది మందూబ్ తెల్లకారే. గురప్ప పార పైకెత్తి పరుగెత్తాడు. కారు వేగం తగ్గలేదు. మందూబ్ అద్దం వెనక నుంచి, తనకు సలాం కొడుతున్నాడనుకుని, చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

రామ్మోహన్ మందూబ్‌కు ఫోను చేశాడు. అరబ్బీలో బతిమాలాడు. పెట్టేసి గురప్ప వైపు తిరిగాడు.

"పాస్‌పోర్టు మిర్కాబ్ ఆఫీసు బీరువాలో పెట్టేస్తాడట. ఇవాళ వేరే పనుందట. బుక్రా అంటున్నాడు."

"రేపా? మీరు గట్టిగా చెప్తే ఇయ్యడా సార్?"

"నాది కూడా ఆ బీరువాలోనే ఉందయ్యా."

గురప్ప తలూపి, పార తీసుకుని తెరిచిన దారి అంచు సరిచేయడం మొదలుపెట్టాడు. ఫోను మోగింది. ఎక్కడని మద్దమ్మ మళ్లీ అడుగుతోంది. "పుల్లంపేట," అన్నాడు. ఇంకేం కలపలేకపోయాడు.

సాయంత్రం కంపెనీ బస్సులో ఖలందర్ భుజం ఆనించి కూర్చున్నప్పుడు చివరి కబురు వచ్చింది.

"బావా... అక్క తలుపులు తీసి పెట్టమనింది. తీసినాం. వాకిలి తట్టుకు తిరిగి చూస్తా చూస్తా... అట్లనే పోయింది." కాసేపు ఏడుపు. "నువ్వు పుల్లంపేటలోనే ఉండావు గదా. అందురూ వచ్చినారు. నువ్వొచ్చేదాంక ఎత్తం. బిన్నా రా బావా."

అబ్బాసియా గదిలో గురప్ప మంచం అంచున కూర్చున్నాడు. ఎనిమిదయింది. ఫోనులో రికార్డు బటను నొక్కాడు, నోరు తెరిచాడు, వదిలేశాడు. మళ్లీ నొక్కాడు. ఖలందర్ టీ తెచ్చి పక్కన పెట్టి, బయటికి వెళ్లాడు.

కట్టిన బ్యాగు విప్పి, గురప్ప ఆ పాదం గీసిన పేపరును నేల మీద పరిచాడు. దాని మీద చెప్పులు పెట్టాడు. కుడిచెప్పు పెన్సిలు గీతకు సరిగ్గా సరిపోయింది. లోపల షాపువాళ్లు కుక్కిన కాగితపు ఉండ ఇంకా అట్లానే ఉంది.