తువ్వాల కింద వేళ్లు

ఆ గొంతు వచ్చినప్పుడు నేను గొర్రె గిట్టలో ముల్లు తీస్తున్నాను. ఫోను నా భార్య గుర్వమ్మ కొంగులో ఉంది. మా ఇద్దరికీ అదొక్కటే ఫోను. అందులో మాటలు ఇద్దరం వింటాం, జవాబు చెప్పేది మాత్రం ఆమె. నాకు మాట్లాడే అలవాటు లేదు.

అందులో గొర్రెలవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. నారాయణపేట నుంచి భువనగిరి దాకా ఆరేడు వందల మంది ఉంటారు. రాయడం రానివాళ్లే ఎక్కువ కాబట్టి అందరూ గొంతు పంపుతారు. ఏ రోగానికి ఏ మందు, ఎక్కడ మేత ఉంది, ఎక్కడ తోడేళ్లు తిరుగుతున్నాయి, ఇవే మాటలు. రెండేళ్లు విన్నాను. ఒక్కనాడూ నోరు తెరవలేదు.

"నా పేరు విజేందర్. మాది కల్వకుర్తి దిక్కు. నలభై గొర్లున్నయి. ఎవలకన్న కావాలంటె తోల్కపోండి. పైసలొద్దు. కుక్క గూడ ఉన్నది. దానికి జొన్నగట్క అలవాటు, వరిబువ్వ తినది. జర యాదికుంచుకోండి."

వెంటనే ఎవడో నవ్వాడు. "కుక్కకు జొన్నగట్కనా? మమ్ముల గూడ సాదుకో బిడ్డా!"

తర్వాత పరశురాములు గొంతు. గ్రూపు నడిపేది అతనే, వెల్దండ మనిషి. "పైసలొద్దంటె నమ్మెటోళ్లం గాదు తమ్మీ. రోగం గొర్లను మా మందల కలుపుదామనుకున్నవా? గా యవ్వారం ఈడ నడువది."

"తీసేసిండ్రు వాన్ని," అంది గుర్వమ్మ.

పరశురాములుది తప్పనలేను. ఒక్క రోగం గొర్రె వస్తే వారంలో మంద ఖాళీ. రోగం దాచి అంటగట్టేవాడిని మా వాళ్లు గడప తొక్కనివ్వరు. ఉత్తగా ఇస్తానంటే ఎవరికైనా ముందు ఆ అనుమానమే వస్తుంది.

నేను ముల్లు సగంలో వదిలి లేచాను. గొర్రెలను ఇచ్చేసేవాళ్లను చూశాను. పట్నంలో వాచ్‌మన్ పనికి పోయినవాళ్లు, మోకాళ్లు పోయినవాళ్లు. వాళ్లెవరూ కుక్కను ఇవ్వలేదు. దాని తిండి సంగతి నలుగురికి అప్పజెప్పి పోయేవాడు ఎక్కడికి పోతున్నట్టు?

మా అన్న నరసింహ ఒకనాడు తన కొత్త గొంగడి తెచ్చి నా భుజం మీద వేశాడు. "నాకు ఉక్కపోస్తాంది, నువ్వు కప్పుకో," అన్నాడు. అది పుష్యమాసం. పళ్లు టకటక కొట్టుకునే చలి. నేను ఒక్క మాట అడగకుండా కప్పుకున్నాను. మూడోనాడు అన్న తన ప్రాణం తానే తీసుకున్నాడు. నలభై ఏళ్లయింది. ఆ గొంగడి ఇంకా దండెం మీదే ఉంది.

"ఫోనిటియ్యి," అన్నాను.

"ఎందుకు?"

"ఇయ్యి."

అతని మాట పక్కన నంబరు కనిపిస్తోంది. గ్రూపులోంచి బయటికొస్తే అది మళ్లీ దొరుకుతుందో లేదో. కర్రతో మట్టిలో ఒక్కో అంకె గీశాను. ఏడోది గీస్తుండగానే రెండు గొర్రెలు దాని మీంచి నడిచి పోయాయి. తిట్టుకుంటూ, మందకు గుర్తు పెట్టే ఎర్ర జాజు తీసి పది అంకెలూ మోచేతి మీద రాసుకున్నాను. మా ఫోనుకు కింద మాట తెగిపోతుంది, గుట్ట మీదైతేనే నిలుస్తుంది. ఎక్కాను.

మోగింది. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. నిలబడలేక బండ చుట్టూ తిరుగుతున్నాను. చెమటకు చేతి మీద జాజు కారుతోంది. కింద నుంచి గుర్వమ్మ అరుపు: "ఓ అయ్యా! గొర్లు పల్లిచేన్ల వడ్డయి!" పడితే పడనీ. మూడోసారి చేశాను. నాలుగోసారి ఎత్తాడు.

"ఎవలు?"

"ఐలేశం. గొర్ల గ్రూపుల ఉన్న."

"గొర్లు కావాల్నా?"

నాకు మాటలు కూర్చడం రాదు. ఉన్నదే అడిగాను. "విజేందరూ, సచ్చిపోవాలె అనిపిస్తాందా నీకు?"

లేని ఆలోచన పుట్టించానా? అవతల కుక్క మొరుగుతోంది. తర్వాత ముక్కు చీదిన చప్పుడు.

"అవు తాతా."

"ఎక్కడున్నవ్?"

"దొడ్డి కాడ."

"ఎవలన్న ఉన్నరా?"

"కుక్కున్నది."

"ఎన్నాళ్ల సంది గిట్ల?"

"ఆర్నెల్లాయె. ఎందుకంటె ఏం జెప్పాలె? ఒక్కటని ఉన్నదా? తెల్లారుతాంటె గుండెల దడ. ఎవలకన్న చెప్పుకుందామని గ్రూపుల మూడుసార్లు నొక్కిన. నోట్లెకెళ్లి గొర్ల ముచ్చటే వచ్చింది."

"వచ్చింది గద. మంచిగ చేసినవ్."

"ఏం మంచిగ? తీసేసిండ్రు."

"వాళ్లకు సమజ్ గాలే. నాకైంది."

ఫోను పెట్టేస్తే అతను ఒక్కడైపోతాడు. పెట్టకపోతే ఎవరినీ పిలవలేను. కింద చూస్తే చేను గలామె సైదమ్మ కట్టె పట్టుకుని గుర్వమ్మ మీదికి వస్తోంది. "చేను మీ అయ్యదా? కండ్లు నెత్తికెక్కినయా?"

నేను ఫోను చెవికి ఆనించుకునే రెండో చేత్తో గుర్వమ్మను పైకి పిలిచాను. నాలుగు మాటల్లో చెప్పాను. ఆమె దిగి, సైదమ్మ ఎత్తిన కట్టెను పట్టి ఆపుతూనే అంది: "తర్వాత తిట్టు అక్కా, కడుపునిండ తిట్టు. ముందుగాల నీ ఫోనియ్యి. ఒగ పిల్లగాని పానం."

సైదమ్మ ఆమె మొహం చూసింది. రవికెలోంచి ఫోను తీసి ఇచ్చింది. తిడుతూనే మా గొర్రెలను చేనులోంచి తోలింది.

మా కోడలు ఉమారాణి ఆశా కార్యకర్తగా పనిచేస్తుంది. గుర్వమ్మ ఆమెతో మాట్లాడి నాకు కింది నుంచే కేకలేసింది. "ఫోన్ పెట్టొద్దట! తిడితె గూడ పెట్టొద్దట! దగ్గర ఏమన్న పెట్టుకున్నడేమో అడుగుమంటాంది, అది ఆడ వదిలి అవుతలకు రమ్మనాల్నట! గీ నంబరు చెప్పు, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు, తెలుగుల మాట్లాడుతరట! గని ముందుగాల పక్కన మనిషుండాలె, దగ్గర ఎవలున్నరంటాంది!"

కల్వకుర్తికి దగ్గరే వెల్దండ. పరశురాములు. పేరు చెబితే గుర్వమ్మ సైదమ్మ ఫోనులోంచే అతన్ని పిలిచింది.

విజేందర్‌ను ఊరి పేరు అడిగి గుర్వమ్మకు అందించాను. దగ్గర ఏమున్నా అక్కడే వదిలి, దొడ్డి దాటి, రోడ్డు మీద ఉందన్న వేపచెట్టు కిందికి రమ్మన్నాను. వచ్చాడు. అడుగుల చప్పుడు విన్నాను. గొర్రెల గురించి అడిగాను. ఏ గొర్రె ఎన్నో ఈతలో ఉంది, పొట్టేలు ఎవరి మందలోంచి వచ్చింది, కుక్కను ఎక్కడ తెచ్చావు. ఒక్కోదానికి ఒక్క మాట చెబుతున్నాడు. మధ్యలో ఆగిపోతున్నాడు. ఆగినప్పుడల్లా నేను బండ మీద అటూ ఇటూ తిరుగుతూ, "ఉన్నవా?" అంటున్నాను. "ఉన్న," అంటున్నాడు. బ్యాటరీ ఎర్రబడింది. ఉన్నవా? ఉన్న. ఎండ నెత్తి మీదికొచ్చింది.

చివరికి మోటార్ సైకిల్ చప్పుడు. కుక్క మీద పడేంత మొరుగు. దాని మీదుగా పరశురాములు గొంతు, ఆయాసంతో.

"తమ్మీ, నేను పరశురామున్ని. నిన్ను తీసేసింది నేనే. తిట్టు, ఒగటి కొట్టు. గని నన్ను ఎల్లిపొమ్మనకు."

అప్పుడు ఫోను చచ్చిపోయింది. బండ మీద కూలబడ్డాను.

బస్సు మారి నేను చేరేసరికి పొద్దు వాలింది. విజేందర్‌కు ముప్ఫై లోపే ఉంటాయి. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. పరశురాములు దొడ్డంతా వెతికి, ప్రమాదం అనిపించినవి మనిషితో తన ఇంటికి పంపి తాళం వేయించాడట. ఆ ఐదంకెల నంబరుకు తానే కలిపి మాట్లాడించాడు. తెల్లవారి మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోతాడు. అచ్చంపేట నుంచి విజేందర్ అక్క జానమ్మ బయలుదేరింది. నేను చేయడానికి ఏం మిగల్లేదు. పోయి అతని పక్కన కూర్చున్నాను.

అంగట్లో మా బేరాలు నోటితో జరగవు. చేతుల మీద తువ్వాల కప్పి కింద వేళ్లు పట్టుకుంటాం. ఎన్ని వేళ్లు పడితే అంత ధర. చుట్టూ ఉన్నవాళ్లకు తెలియదు. నేను బతికిందంతా ఆ భాషతోనే. తువ్వాల తీసి అతని చేతి మీద కప్పాను.

పరశురాములు ఇకిలించాడు. "గొర్లు కొంటున్నవా పెద్దయ్యా?"

"గొర్లు గాదు. దినాలు." విజేందర్ వైపు తిరిగాను. "ఎన్ని దినాలు ఉంటవ్, చెప్పు."

ఐదు వేళ్లూ కలిపి పట్టుకున్నాను. అతను చేయి లాక్కున్నాడు. మూడు పట్టుకున్నాను. తల అడ్డంగా ఊపాడు. కుక్క వచ్చి మా ఇద్దరి మధ్య మూతి పెట్టింది. తర్వాత తువ్వాల కింద అతని వేలు ఒకటి నా అరచేతిలోకి వచ్చింది. ఒక్కటే.

అంగట్లో అయితే ఆ ధరకు తువ్వాల దులిపి లేచిపోయేవాణ్ని.

"అయ్యింది బేరం," అన్నాను. "రేపు మల్ల జేద్దాం."

తెల్లవారి నేను మా మంద దగ్గరికి వచ్చేశాను. మాట ప్రకారం రోజూ పొద్దున గుట్ట ఎక్కి, ఎన్ని దినాలని విజేందర్‌ను ఫోనులో అడుగుతున్నాను. వాళ్లక్క ఉంది, మందులు వేసుకుంటున్నాడు, పరశురాములు దినం విడిచి దినం పోతున్నాడు. ఒక్కోనాడు రెండు అంటాడు, ఒక్కోనాడు ఏమీ అనడు. గుర్వమ్మ వెక్కిరిస్తుంది: "నాతోటి నలభై ఏండ్లల్ల గిన్ని మాటలు మాట్లాడినవా?" ఆ ముల్లు గొర్రె ఇంకా కుంటుతోంది, అది కూడా నా మీదే వేసింది.

ఇవాళ ఒకసారి చేస్తే ఎత్తలేదు. బండ చుట్టూ తిరిగాను. రెండోసారీ ఎత్తలేదు. పరశురాములు నంబరు నొక్కబోతుంటే ఫోను మోగింది.

"కుక్కకు గట్క పెడుతున్న తాతా, చేతులకు అంటింది. ఫికర్ వడ్డవా?"

"లే," అన్నాను. "ఎన్ని?"

"ఇయ్యాల గూడ ఒక్కటే."

"సాలు," అన్నాను.